తెరిస్తే తెలుపు, మూస్తే బూడిద

ఇగో, నిన్నే.

నువ్వు బతికినన్నాళ్లూ నిన్ను ఇలాగే పిలిచాను, పేరు పలకలేదు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రేషన్ కార్డు మార్పించడానికి చిరాగ్‌పల్లి నుంచి జహీరాబాద్ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. భర్త పేరు అడుగుతారని బస్సులో నీ పేరే లోలోపల అనుకుంటూ కూర్చున్నాను. అక్కడి అమ్మాయి అడగనే లేదు. స్క్రీన్ మీద ‘భర్త పేరు’ గడి టైపు చేయడానికి వీల్లేకుండా బూడిద రంగులో మూసి ఉంది. ఇంటి వాటా కోసం నీ తమ్ముడే ముందుగా వచ్చి నీ పేరు రాయొద్దని చెప్పిపోయాడని నాకు అనుమానం.

"గా డబ్బా ఎందుకు మూసినవ్? ఎవరు చెప్పిన్రు?"

"నేను మూయలే పెద్దమ్మా. వితంతువు అని పెడితే అదే మూసుకుంటది. జర చూడు."

‘వివాహిత’ నొక్కింది. గడి తెల్లబడింది. ‘వితంతువు’ నొక్కింది. మళ్లీ బూడిద. నేను నమ్మలేదు.

"ఇంకోసారి తెరువు."

తెరిచింది. మూసేలోగా నీ పేరు గట్టిగా చెప్పేశాను. పక్కవాళ్లు తిరిగి చూశారు. ఆమె టైపు చేసి ‘వితంతువు’ నొక్కింది. గడి మూసుకుంది, నీ పేరు మాత్రం అందులోనే ఉంది.

"కనపడ్తది గని, ఆఫీసుకు పోదు పెద్దమ్మా."

"పోకుంటే మంచిదే బిడ్డా," అన్నాను. "ఒక్కసారి పోయిండు, చాలు. ఈడనే ఉండనియ్."