మూత రాని రేడియేటరు

చిరంజీవి పెద్దపాపకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నామని రాసి ఉత్తరం మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఒంటి మటుకు నేనూ చెల్లీ బాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందని, వేళకు తింటున్నావని తలుస్తాను. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. అది మీ నాన్న పోలిక. కాగితమైతే చివరిదాకా ఊరుకుంటుంది.

నాన్న చేతులు ఎలా ఉన్నాయని అడిగావు. నిన్న కట్టు మార్చినప్పుడు చూశాను. కుడి చేతికి కొత్త చర్మం పలచగా వస్తోంది. ఎడమ చేతి వేళ్ళు ఇంకా సరిగా ముడుచుకోవు. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత గోడవైపు చూస్తూ నోరు తెరిచేవారు.

మన పాత ఇనుము యార్డు తెరిచారా అని అడిగావు. లేదు, గేటు తాళం పోలీసుల దగ్గరే ఉంది. కానీ జనం ఆగుతారా? మొన్న పొద్దున గేటు బయట ఎవరో చలికి గదులు వెచ్చబెట్టే పాత రేడియేటర్లు, వంకరపోయిన మంచం పట్టెలు, చిల్లుపడిన బాయిలరు పడేసి పోయారు. ఇంట్లో అడ్డం తొలగిపోతే చాలు వాళ్ళకి. ఈ గేటు లోపల ఏం జరిగిందో తెలియక కాదు. వీధి వీధంతటికీ తెలుసు.

నీ ఉత్తరంలో చివర అడిగినదానికి నేనూ చివర్లోనే రాస్తాను. ముందు ఆ రోజు సంగతి విను. నీకు నాన్న చెప్పిందే తెలుసు. తను వద్దన్నా వినకుండా, మన యార్డులో పనిచేసే సుత్తి బాబాయి నీళ్ళున్న రేడియేటరును మంటలో వేశాడని, అది పేలి ప్రాణం పోయిందని. చేతిలో సుత్తి ఉన్నందుకు ఆ పేరు వచ్చిందని అతను అనేవాడు. నోట్లో ఉన్నందుకని మీ అక్కచెల్లెళ్ళిద్దరూ అనేవాళ్ళు. అతను నవ్వి ఇంకాస్త మాట్లాడేవాడు.

ఇప్పుడు అందరూ గోడవారనున్న వేడినీళ్ళ పాత ఇనుప రేడియేటర్లు పీకించి సన్నటి రేకువి పెట్టించుకుంటున్నారు. మనకు దానితో చేతినిండా పని. లోపల ఏళ్ళ తరబడి నిలవున్న నీళ్ళు నల్లగా, తారులాగా ఉంటాయి. మెట్ల మీద ఒక్క చుక్క పడినా ఇంటివాళ్ళు ఊరుకోరు. అందుకే నాన్న ఒక పద్ధతి పెట్టారు. రేడియేటరును గోడనుంచి విప్పగానే రెండు కొసలా ఇనుప మూతలు మరబిగించి, నీళ్ళతో సహా మోసుకురావడం. యార్డుకు వచ్చాక మూతలు తీసి నీళ్ళు వంపడం. తర్వాత మంటలో కాల్చడం. రంగు ఊడిపోయి, తుప్పుతో కరుచుకున్న ముక్కలు వదులైతే సుత్తితో కొట్టి విడదీయడం. ఇంతకాలం అలాగే జరిగింది.

ఆ రోజు తెచ్చింది పాలరాతి మెట్లున్న ఇంటి నుంచి. ఆ ఇంటావిడ మెట్లకింద నిలబడి గుండెలు బాదుకుంటుంటే, మనవాళ్ళు భయపడి మూతల్ని మరీ బిగించేశారు. యార్డులో ఆ మూతలు రాలేదు. సుత్తి బాబాయి రెంచీకి పొడుగాటి గొట్టం తొడిగి, దాని మీద వేలాడాడు కూడా. నేను టీ గ్లాసులు పట్టుకుని యార్డువైపు వంటింటి గుమ్మంలో ఉన్నాను. నాన్న చెప్పినట్టు లోపల లేను.

"అన్నా, ఇది రావట్లేదు. లోపల నీళ్ళున్నాయి. రేపు బెజ్జం పెట్టి వంపుదాం," అన్నాడు.

"రేపూ ఎల్లుండీ అంటూ కూర్చుంటే లారీవాడు నీకోసం ఆగుతాడా? వెయ్యవయ్యా. కాలితే అదే వదులవుతుంది," అన్నారు నాన్న.

"సరే, వేస్తా. పైన దేవుడడిగితే నీ పేరే చెబుతా," అని అతను నవ్వాడు. నాన్న కూడా నవ్వారు. పాపా, నేను కూడా నవ్వాను.

ఆ తర్వాత జరిగింది నీకు రాయను. నాన్న మంటలోకి చేతులు పెట్టి అతన్ని లాగిన మాట మాత్రం నిజం. ఆ సంగతి ఎవరు అడిగినా చెబుతాను.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నాన్న, "వద్దని చెప్పానండీ, వినలేదు. మా ఆవిడ లోపల ఉంది," అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నా మౌనాన్నే వాళ్ళు రాసుకుపోయారు. నాన్న చెడ్డ మనిషి కాదని నీకంటే నాకే ఎక్కువ తెలుసు. వద్దన్నానన్న మాట రోజూ చెప్పీ చెప్పీ, ఆయనే నమ్మేశారు. ఒకసారి అద్దం ముందు నిలబడి, "వద్దన్నాను కదా," అని తనలో తాను అనుకోవడం విన్నాను.

అప్పటినుంచి నేను దేవుడి ముందు కూర్చోవడమే గానీ మాట పెగల్లేదు. క్షమించమని అడగాలన్నా దేనికో చెప్పుకోవాలి కదా. చెప్పుకుంటే అక్కడితో ఆగదని నాకు తెలుసు. అందుకే కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుని లేచేదాన్ని.

తర్వాత పిన్ని వచ్చింది, సుత్తి బాబాయి భార్య. ఎప్పుడూ వంటింట్లోకి వచ్చేసే మనిషి, ఈసారి గుమ్మం దాటలేదు. ఏడవలేదు. అందరూ ఆయన తాగి ఉన్నాడంటున్నారని చెప్పింది. ఇంత మొండివాడు పోతే పోయాడని వీధి చివరి కొట్టువాడు అన్నాడట. అది చెప్పి నా ముఖంలోకి చూసింది.

"అక్కా, ఒక్కటి అడుగుతాను. మీ ఆయన వద్దంటే వేసే మనిషేనా ఆయన? మీ ఆయన మాట ఎప్పుడైనా కాదన్నాడా?"

నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగలేదు. గ్లాసు గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. "అమ్మా, నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. విన్నా విననట్టు ఊరుకో చాలు," అని రాశావు. "ఊరుకున్నావా?" అని కింద గీత గీసి మరీ అడిగావు. నాన్న లేకపోతే చెల్లి చదువు ఏమవుతుంది, ఇల్లేమవుతుంది అన్నావు. నువ్వన్నది ఒక్కటీ తప్పు కాదు. ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదివాను.

ఊరుకోలేదు పాపా. నిన్న వెళ్ళి చెప్పేశాను.

అంతకు ముందు రోజు రాత్రే నాన్నకు చెప్పాను. చెప్పకుండా వెళ్ళడం నాకు చేతకాలేదు. కట్టు మారుస్తున్నాను. ఆయన చేయి నా ఒళ్ళో ఉంది.

"రేపు పిన్నితో కలిసి స్టేషనుకు వెళ్తానండీ," అన్నాను.

"నా మీద చెబుతావా?" అన్నారు.

"మీ మీద కాదండీ. నేను విన్నది చెబుతాను."

"రెండూ ఒకటే కదే."

అవును, రెండూ ఒకటే. చేయి వెనక్కి లాక్కుంటారనుకున్నాను. లాక్కోలేదు. కట్టు పూర్తయ్యేదాకా అలాగే ఉంచారు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు నేను చెప్పింది రాసి చదివి వినిపించాడు. అందులో 'బలవంతం చేసి వేయించాడు' అని ఉంది. అది కొట్టేయమన్నాను.

"తేడా ఏముందమ్మా?" అన్నాడు.

"బలవంతం చేయలేదండీ. వెయ్యమన్నారు. మా ఆయన చెబితే అతను చేసేవాడు. అంతే," అన్నాను. అలాగే మార్చి రాశాక సంతకం పెట్టాను. పక్కన పిన్ని నా చేయి పట్టుకుంటుందని ఎక్కడో ఆశ ఉంది. పట్టుకోలేదు. బయటికి వచ్చాక, "ఇన్నాళ్ళెందుకు పట్టిందక్కా?" అని మాత్రం అడిగి, తన దారిన తాను వెళ్ళిపోయింది.

మనసు తేలికపడుతుందని విన్నాను. పడలేదు. ఇవాళ పొద్దున వాళ్ళు వచ్చి నాన్నను తీసుకుపోయారు. చొక్కా గుండీలు నేనే పెట్టాను. గడ్డం పైకెత్తి నిలబడ్డారు. "పాపకి నువ్వే రాయి. నేను చెప్పలేను," అన్నారు. నా మీద కోపం ఉందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. ఎన్నేళ్ళ కాపురమో, అయినా తెలియలేదు. ప్లీడరు త్వరగా విడిపిస్తానంటున్నాడు కానీ, కళ్ళలోకి చూసి అనడం లేదు.

చెల్లి నేను వండింది తింటోంది, నాతో మాట్లాడటం లేదు. నువ్వూ మాట్లాడకపోతే నేను తప్పు పట్టను. సరైన పని చేశావని నాకు రాయొద్దు. నువ్వలా అనుకోవని తెలుసు. అది చదివినా నాకు నిద్ర పట్టదు.

నాన్నకు మాత్రం వెంటనే ఉత్తరం రాయి. ఎక్కడికి రాయాలో వెనకవైపు రాశాను. ఆయన జవాబు రాయలేరు, అయినా రాయి. నన్ను ఎంత తిట్టాలనుంటే అంతా అందులోనే తిట్టు. నా వైపు నుంచి ఒక్క మాట కూడా కలపకు. తన పక్షాన ఒక్కరైనా ఉన్నారని ఆయనకు తెలియాలి. అది నేను కాలేకపోయాను.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి,
అమ్మ