మోకాళ్ళ దగ్గర వెలిసిన నీలం

కొజిమా,
అక్టోబరు 12

చిరంజీవి సెయిజికి, అమ్మ దీవిస్తూ రాసేది.

ఇక్కడ మీ నాన్నా నేనూ వేళకి తింటూ, తిరుగుతూ బాగానే ఉన్నాం. క్యోటోలో నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను, ఉన్నావని నువ్వే రాశావు కాబట్టి. వారం నుంచి చినుకులు. సముద్రం మీంచి వచ్చే గాలి కూడా తడితడిగా ఉంటోంది. ఆరేసింది ఆరదు, ఆరిందనుకుని మడతపెడితే కుట్ల దగ్గర తడి చేతికి తగులుతుంది. నా చిరాకుకి వాన ఒక్కటే కారణం కాదని ముందే చెప్తున్నాను. ఉత్తరం మధ్యలో ఆపేసి అలక్కుండా చివరిదాకా చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

తెల్ల నూలు చొక్కా కాలరు మురికి వదలడం లేదని రాశావు. స్నానాల తొట్టిలో మిగిలిన గోరువెచ్చని నీళ్ళతో నేను బట్టలుతకడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు, మళ్ళీ నన్నే అడుగుతావేం? ఆ నీళ్ళలో కాసేపు నాననిచ్చి, సబ్బుబిళ్ళ కాలరు మీద రాసి, బట్టతోనే బట్టని రుద్దాలి. బ్రష్షు పెట్టకు, నూలు చిట్లుతుంది. నీళ్ళలో సువాసన పొడి కలిపి ఉంటే మాత్రం వాటితో తెల్లబట్టలు ఉతక్కు. పిండాక గట్టిగా రెండుసార్లు విదిలించి ఆరెయ్యి, సగం ఇస్త్రీ అక్కడే అయిపోతుంది. ఇరవై మూడేళ్ళ వాడికి ఇది కూడా నేనే రాయాలా?

బనియన్ అంచు నడుము దగ్గర నీలంగా మారిందన్నావు. మారదా మరి? నువ్వు తొడిగేది పచ్చి డెనిమ్. మిల్లులో ఉతక్కుండా, నీలిమందు మీద నీలిమందు ఎక్కించిన బట్ట. రెండేళ్ళయినా చెమట తగిలితే రంగు విడుస్తుంది. సబ్బునీళ్ళలో మూడు రోజులు వరసగా నానబెట్టి జాడించు. బ్లీచ్ పొయ్యకు, పసుపు తిరుగుతుంది.

ఇక మూడోది నువ్వు అడగలేదు, చెప్పావు. "అమ్మా, ఈ జీన్స్ పంపడం ఇదే ఆఖరు. ఇకనుంచి ఇక్కడే కాయిన్ లాండ్రీలో వేసుకుంటాను, నీకెందుకు శ్రమ" అని.

నాకు శ్రమా! ఆ మాట చదివి ఉత్తరాన్ని బల్ల మీద విసిరికొట్టాను. నువ్వు ఇల్లు విడిచి వెళ్ళే ముందు ఆ జీన్స్ మీ నాన్న ఎనిమిది రోజులు కూర్చుని కుట్టారు. రెండు నెలలకోసారి నువ్వు పంపాలి, నేను ఉతకాలి, ఆయన చూడాలి, అదీ ఒప్పందం. నేనేమైనా మెషిన్లో పడేసి గిర్రున తిప్పానా? గుండీలన్నీ పెట్టి, లోపలి వైపు పైకి తిప్పి, పెద్ద తొట్టిలో చన్నీళ్ళు పట్టి, చెంచాడు సబ్బు కలిపి, కాళ్ళతో తొక్కకుండా అరచేతులతో నొక్కుతాను. పిండను. పిండితే ముడతలు పడ్డచోటల్లా తెల్లటి గీతలు లేస్తాయి, అవి ఇక పోవు. నడుము పట్టీ దగ్గర క్లిప్పులు పెట్టి, నీడలో, గాలి కాళ్ళలోకి దూరేలా వేలాడదీస్తాను. అంతా చేస్తే రెండు రోజులు. నాణేలు వేసి తిప్పే ఆ యంత్రంలో పడేస్తే నలభై నిమిషాల్లో కాళ్ళు రెండంగుళాలు కురచవుతాయి. ఇదంతా నీకు తెలుసు. తెలిసి కూడా రాశావంటే, ఆ జీన్స్ నా చేతికి రాకూడదని నీ ఉద్దేశం.

మీ నాన్న చెవిన పడకుండా ఫోనులో మాట్లాడే వీలు ఈ ఇంట్లో లేదు. అందుకే రాస్తున్నాను. సెయిజీ, నువ్వు హిరాయమా గారి దగ్గర తోటపని మానేశావు. ఇప్పుడు కాదు, జూన్‌కి ముందే.

ఎవరూ చెప్పలేదు. తొట్టి చెప్పింది. నువ్వు పని నేర్చుకున్నంత కాలం నీ జీన్స్ నానేస్తే నీళ్ళు నీలంగా మారేలోపే అడుగున మట్టి పేరుకునేది. మోకాళ్ళ దగ్గర నాచు పసరు. గులాబీ ముళ్ళు రెండు మూడు పట్టీలో ఇరుక్కుని నా వేలికి గుచ్చుకునేవి, తిట్టుకుంటూ తీసేదాన్ని. అవి జూన్‌లో వచ్చినప్పుడు తొట్టిలో నీలం తప్ప ఏమీ లేదు. చేత్తో అడుగంతా తడిమాను. ఇసుక రవ్వ కూడా తగల్లేదు. వాటితో పంపిన ఉత్తరంలోనే నువ్వు, "గురువుగారు గుడి తోటలో పైన్ చెట్టు కత్తిరింపు నాకే అప్పజెప్పారు" అని రాశావు. నీ అక్షరాలు మామూలు కంటే గుండ్రంగా ఉన్నాయి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నాకు చీటీ రాసినప్పుడు కూడా అంతే గుండ్రంగా రాశావు.

పైగా మోకాళ్ళు అలాగే ఉండి, వెనక కూర్చునే చోట మాత్రం బట్ట నున్నగా అరిగిపోయింది. తొడల లోపలి వైపు కూడా. కుడికాలు అంచున నల్లటి నూనె మరక. రోజంతా ఎక్కడో కూర్చుంటున్నాడు నా కొడుకు అనుకున్నాను. ఎక్కడ కూర్చుంటున్నాడు? పచింకో జూదశాలలో బంతులు చూస్తూనా? ఎవడితో కలిసి? ఈ నాలుగు నెలలూ నా బుర్రలో తిరగని పాడు ఆలోచన లేదు. అన్నం వండుతూ అదే, ఆరేస్తూ అదే. నీకు ఒక్క ముక్క రాయడానికి ఏమొచ్చింది?

ఇక్కడ మీ నాన్న సంగతి చెప్పాలి. నవంబరు మూడున కుట్టుపనివాళ్ళ సంఘం హాల్లో ఏటా జరిగే ప్రదర్శన నీకు తెలుసు కదా. పనిలో రెండేళ్ళు అరిగిన జీన్స్ మాత్రమే వేలాడదీస్తారు. కింద చీటీ మీద కుట్టినవాడి పేరు, తొడిగినవాడి పేరు, తొడిగినవాడి పని. పదిహేనేళ్ళుగా మీ నాన్న అక్కడ పక్కవాళ్ళు కుట్టిన వాటి కింద చేతులు కట్టుకుని నిలబడి, ఇంటికొచ్చి మాట్లాడకుండా టీ తాగేవారు. ఆయన కుట్టేవన్నీ టోక్యో కొట్లకి పోతాయి, ఎవరి ఒంటి మీదకి చేరాయో తెలీదు. ఈ ఏడు పేరు ఇచ్చేశారు. చీటీ నాలుగుసార్లు రాసి, మూడు చించి, నాలుగోది గోడకి అంటించారు. "తొడిగినది నా కొడుకు సెయిజి. తోటపని. నాచు మీద మోకాళ్ళూని రెండేళ్ళు." రోజూ అన్నం తింటూ ఆ చీటీ ఎదురుగా కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసా? ఈ సంగతి ఆగస్టులోనే నీకు రాశాను. అది చదివి కూడా నువ్వు నిజం రాయలేదు. కాయిన్ లాండ్రీ గురించి రాశావు.

ఇప్పుడు నా తప్పు. నిన్ను ఇంతసేపూ తిట్టాను కాబట్టి ఇదీ చెప్పి తీరాలి.

పెళ్ళికి ముందు పదకొండేళ్ళు నేను ఉతుకుడు ఫ్యాక్టరీలో పనిచేశానని నీకు తెలుసు. అక్కడ నా పని ఉతకడం కాదు. కొత్త జీన్స్‌ని గరుకు కాగితంతో రుద్ది, తొడల మీద, మోకాళ్ళ మీద పాతవాటిలా తెల్లబరచడం. రోజుకి ఎనభై జతలు. నా మణికట్టు పాడైంది అక్కడే. జూన్‌లో నీ జీన్స్ ఆరాక, మీ నాన్న చూడకముందే, మోకాళ్ళని రుద్దేశాను. మళ్ళీ ఆగస్టులో రుద్దాను. నా కొడుకు మోకాళ్ళూనని చోట నేను ఊనాను. ఆయన బల్ల మీద పరిచి అరచేత్తో నిమిరి, "చూడవోయ్ ఫుసాయె, వీడు పని నేర్చుకుంటున్నాడు" అంటుంటే, "అవునండీ" అన్నాను. నాకు సిగ్గేసింది. నీ మీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది.

నిన్న మధ్యాహ్నం ఆయన సంఘం హాలుకి వెళ్ళారు. ప్రదర్శనకి ఇవ్వబోయే ముందు ఆఖరి చుట్టు రుద్దుదామని వెనక వసారాలో కూర్చున్నాను. కుడి మోకాలు అయింది, ఎడమది మొదలుపెట్టాను. మణికట్టు పీకేస్తోంది. వెనకనుంచి మాట వినిపించింది.

"ఎడమది అంత రుద్దకు."

కాగితం చేతిలోంచి జారిపోయింది. మీ నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు, చెప్పులు కూడా విప్పలేదు.

"కలుపు తీసేవాడు బరువంతా కుడి మోకాలి మీద వేస్తాడు. నువ్వు జూన్ నుంచీ రెండూ సమానంగా రుద్దుతున్నావు. ఫ్యాక్టరీ బుద్ధి."

"మీకు తెలుసా?"

"నలభై ఏళ్ళుగా కుడుతున్నాను. మోపితే దారం నలుగుతుంది, రుద్దితే తెగుతుంది. ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరి నాలుగు నెలలు నా చెయ్యి విరిగిపోతుంటే నోరెత్తలేదేం?" నేను గట్టిగానే అరిచాను. పక్కింటి వాళ్ళు విన్నా విన్నారే.

"నువ్వంత కష్టపడి కొడుకుని కాస్తుంటే మధ్యలో నేనేమనను?"

"ప్రదర్శనకి పేరెందుకు ఇచ్చారు? ఆ చీటీ గోడకెందుకు అంటించారు?"

ఆయన కూర్చుని చెప్పులు విప్పుకున్నారు. వాటిని జతగా గుమ్మం పక్కన పెట్టారు. "పేరిస్తే వాడు చెప్తాడనుకున్నాను. నాన్న నలుగురిలో నవ్వులపాలవుతాడని తెలిస్తే చెప్తాడు కదా అని. చెప్పలేదు. పని మానేస్తే మానేశాడు, నేనూ మా నాన్న చేపల పడవ వదిలి కుట్టుమిషను పట్టుకున్నవాణ్ణే. నాకు చెప్పడానికి భయపడ్డాడు చూడు, అది తట్టుకోలేకపోతున్నాను."

సెయిజీ, మీ నాన్న గొంతు అలా వినడం నాకు ఇదే మొదటిసారి. అప్పుడు నా భయం కూడా కక్కేశాను. రోజంతా ఎక్కడో కూర్చుంటున్నాడండీ, చెడు తిరుగుళ్ళు తిరుగుతున్నాడేమోనని. ఆయన జీన్స్ నా ఒళ్ళోంచి లాక్కుని వెనక్కి తిప్పారు.

"కుర్చీలో కూర్చుంటే వెనక మాత్రమే అరుగుతుంది. వీడికి తొడల లోపల కూడా అరిగింది. కుడి అంచున నూనె ఏమిటనుకున్నావు? గొలుసు నూనె. వాడు సైకిల్ తొక్కుతున్నాడే పిచ్చిదానా. ఈ కొద్ది నెలల్లో ఇంత అరగాలంటే పొద్దుటినుంచీ సాయంత్రందాకా తొక్కాలి. క్యోటోలో ఎత్తుపల్లాలన్నీ ఎక్కి దిగుతున్నాడు. ఎవరి సరుకో మోస్తున్నాడు." ఆ అరిగిన చోటుని బొటనవేలితో నొక్కి చూశారు. "బద్ధకం లేదు వీడికి."

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండింటికంటే ముందు ఒళ్ళు మండింది. అంత తెలిసిన మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే నాకు నాలుగు నెలలు నిద్ర ఉండేది కాదా? తండ్రీ కొడుకూ ఇద్దరూ ఒకే బట్టలోంచి కత్తిరించినట్టున్నారు. మధ్యలో మణికట్టు నాది.

ఈ పొద్దున ఆయన హాలుకి వెళ్ళి పేరు వెనక్కి తీసుకున్నారు. అందరూ అడిగారట. "మా ఆవిడ ఉతకడంలో పాడు చేసింది" అని చెప్పి వచ్చారట! ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో బట్టలుతికి సంపాదించుకున్న నా పేరు అలా మట్టిలో కలిపేశారు. నేను గయ్యిమంటే, "నీ గీకుడు వేలాడదీస్తే అంతకంటే ఎక్కువ నవ్వేవాళ్ళు" అన్నారు. గోడ మీది చీటీ ఇంకా తియ్యలేదు. తియ్యమని నేను అనలేదు.

నువ్వు ఏం మోస్తున్నావో, ఎక్కడ తింటున్నావో, హిరాయమా గారి దగ్గర ఏం జరిగిందో రాయి. నాకు కాదు. నాకు రాస్తే నేను చదివి ఆయనకి చెప్పాలి, మళ్ళీ మధ్యలో నేనే. ఆయన పేరున రాయి, మామూలు అక్షరాలతో రాయి. మీరూ వాడికి ఓ ముక్క రాయండి అని ఆయన చేతికి కలం ఇచ్చాను. కత్తిరింపు బల్ల మీద కొత్త డెనిమ్ పరిచి ఉంది, దాని మీదే కాగితం పెట్టుకుని అరగంట కూర్చున్నారు. రాసింది మడతపెట్టి నాకిచ్చారు. చదివాను, నాకు ఆ హక్కు ఉంది. ఇందులోనే పెడుతున్నాను. రెండే వాక్యాలు.

"నడుము కొలత పంపు. సైకిల్ సీటు వెడల్పు కూడా."

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా తగ్గని
మీ అమ్మ
ఫుసాయె