పొట్ట కదిలితే ఆగిపోయే మిషను

అక్కకి,

యావన్మందికీ తెలియజేయడమేమనగా, అందరి బట్టలూ కుట్టే నీ తమ్ముడు నిన్న తన ప్యాంటు నడుం తనే తగ్గించుకున్నాడు. కూలి అడిగితే ఎగ్గొట్టాడు. ఇక్కడ నేనూ, నీ మరదలూ కులాసా. అక్కడ నువ్వు బాగుంటావు, బావ మరీ బాగుంటాడు, ఆయన పొట్ట అందరికన్నా బాగుంటుందని నా నమ్మకం.

"ఫోనెత్తవు, ఉత్తరాలు మాత్రం రాస్తావు, ఏం దాస్తున్నావురా?" అని అడిగావు. ఫోన్లో నా గొంతు వింటే ఇట్టే పట్టేస్తావని భయం. ఫొటోలో పచ్చగా ఉన్నావేమనీ అడిగావు. లైటు అలా పడిందన్నాను. లైటు కాదక్కా, కామెర్లు.

కూర్చుని చదువు. కాలేయం నుంచి పైత్యరసం కిందికి దిగే గొట్టంలో గడ్డ లేచింది. క్యాన్సరే. పక్కనున్న రక్తనాళాన్ని కరుచుకుని ఉంది, ఇప్పుడే కొయ్యలేం, ముందు మందులిచ్చి కరెంటు పెట్టి చూద్దాం అన్నారు డాక్టర్లు. నీకు చెప్పొద్దని నీ మరదలి చేత ఒట్టు వేయించింది నేనే. దాన్ని తిట్టకు.

కరెంటంటే షాకు కాదులే, రేడియేషన్. ఒంటికి తగిలినట్టే ఉండదు. ముందు స్కానింగ్ తీసి, నేను గుడ్డ మీద సుద్దతో గీసినట్టే నా పొట్ట మీద గీతలు గీశారు.

"కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది తల్లీ" అన్నాను.

"గుడ్డ కదలకుండా ఉంటే చాలు బాబాయ్" అంది మిషను నడిపే అమ్మాయి.

ఊపిరి తీసినప్పుడల్లా లోపల గడ్డ కూడా పైకీ కిందికీ ఊగుతుందట. అందుకని ఊపిరి బిగబట్టినంతసేపే కరెంటు. పొట్ట కదిలిందా, మిషను ఠక్కున ఆగిపోతుంది. మొదటిరోజు నన్నొక్కణ్ణే బల్ల మీద పడుకోబెట్టి, తలుపేసి, ఆ అమ్మాయి మైకులోంచి "ఊపిరి బిగబట్టండి" అంది. నాకు బావ గుర్తొచ్చాడు. టేపు పెట్టగానే పొట్ట లోపలికి లాక్కుని "చూశావా, ఏం పెరగలేదు" అంటాడే, ఆ మొహం. నవ్వు ఆగలేదు. మిషను ఆగింది.

"ఏమైంది బాబాయ్?"

"మా బావ వచ్చాడమ్మా."

"ఆయన్ని బయట కూర్చోమనండి. మళ్లీ మొదలుపెడదాం."

నిన్న కొత్త స్కానింగ్ చూసి డాక్టరమ్మ అంది: "గడ్డ చిన్నదైంది. రక్తనాళాన్ని వదిలింది. ఇక తీసేయొచ్చు." మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. నీ మరదలు ఆ సంబరంలో ఒక చెప్పు ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చింది. రాత్రి కడుపునిండా తిన్నాం. ఆపరేషను వచ్చే నెల మొదట్లో. నువ్వూ బావా రండి.

ఇందులో కొంత నేను కల్పించాను. ఏ ముక్కో చెప్పేస్తాను, లేకపోతే అన్నీ అనుమానిస్తావు. చెప్పు సంగతి కల్పన, రెండూ వేసుకునే వచ్చింది. డాక్టరమ్మ మాట అక్షరాలా నిజం. బావ గుర్తొచ్చిన మాట నిజం, ఆ వెనకే నువ్వూ గుర్తొచ్చావు. నవ్వానన్నది మాత్రం కల్పన. ఏడ్చినా పొట్ట కదులుతుందక్కా.

ఇట్లు,
నీ చంక దిగనని మారాం చేసిన
తమ్ముడు