ఎద్దు మెడ మువ్వలు

శ్రీకాకుళం

అక్కకు ఎజ్రా వందనాలు. ఇది ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు. పార్సిళ్లు పంచడానికి కంపెనీ బ్యాటరీ ఆటో ఇచ్చిందని అందరూ సంతోషించారు కదా. దానికి పొగా లేదు, చప్పుడూ లేదు. నిన్న సందులో ఎండుచేపలమ్మే జగ్గమ్మకు నా బండి రావడం వినబడలేదు. హారన్ కొట్టేలోపే వెనక్కి అడుగేసి, బండి తగిలి పడిపోయింది. తుంటి విరిగింది. ఇక నడవడం కష్టమన్నారు. తిట్టనైనా తిట్టలేదక్కా. "సప్పుడు సెయ్యకుండా వచ్చీసినావేటి నాయినా?" అంది, అంతే. మానేద్దామంటే వేరే పని లేదు.

మెర్సీ పాపకి దగ్గు తగ్గిందా? నాన్న ఎద్దుల మెడ మువ్వలు పశువుల శాలలో ఉంటే బావ చేత పంపించు. ఆటోకి కడతాను. బావకు వందనాలు. జగ్గమ్మ కోసం మీరు ప్రార్థన చెయ్యండి. నేను మోకరిస్తే నోరు రావడం లేదు.