బయట బిగించిన గడియ

మీకు నమస్కరించి రాస్తున్నాను.

ముసురు పట్టి వదలడం లేదు. కంకులు వసారాలో పరిచాం. అడుగునవి బూజు పట్టకుండా పొద్దుటి నుంచి నేనూ అత్తయ్యగారూ తిరగేస్తూనే ఉన్నాం. పిల్లలు కులాసా. చిన్నవాడి దగ్గు తగ్గింది. గేదె ఈనిందా అని అడిగారు, ఇంకా లేదు.

మన ఇంటికి వచ్చేసిన మీ చెల్లెలి సంగతి కూడా అడిగారు. బావగారు తాగుతారా అన్నారు. తాగరు. చెయ్యి చేసుకుంటారా అన్నారు. అదీ లేదు. అయితే ఆయన వచ్చినప్పుడు వెంట పంపెయ్యమని రాశారు.

ఆయన మొన్న వచ్చారు, పనిముట్ల సంచి భుజాన వేసుకుని. వస్తూనే మంచం కోడు బిగించారు. పిల్లలకు బొంగరం చెక్కారు. మధ్యగది తలుపు గడియ ఊడి వేలాడుతోంది కదా, అదీ బాగుచేశారు. అత్తయ్యగారు మురిసిపోయారు. "మీ ఆయన ఏడాదిగా రేపు రేపంటున్న పని. వడ్రంగి అల్లుడుంటే ఇదీ సుఖం" అన్నారు.

సాయంత్రం ఆ గదిలో దీపం పెట్టబోయి చూశాను. లోపలి గడియ తీసేసి బయట బిగించారు. లోపలి మేకుల కన్నాలు చెక్కముక్కలతో పూడ్చి నున్నగా రుద్దారు కూడా.

"పొరపాటున బయట పెట్టినట్టున్నారు" అన్నాను.

"పొరపాటేం లేదక్కయ్యా. మా ఇంట్లోనూ అంతే" అన్నారు నవ్వుతూ. "ఆడవాళ్ళు లోపల వేసుక్కూచుంటే ఏం చేస్తున్నారో మనకేం తెలుస్తుంది?"

మీ చెల్లెలు వంటింట్లో తల ఎత్తలేదు. తర్వాత నాతో అంది: "చెబితే ఎవరు నమ్ముతారు వదినా? పనికెళ్తూ గడియ వేసి వెళ్తాడు. మంచినీళ్ళు పెట్టే వెళ్తాడులే." ఆ చివరి మాట ఆయన మంచితనం కింద చెప్పింది.

మీ మాట నేను ఇంతవరకూ కాదనలేదు. నిన్న ఆయన చెక్క కొనడానికి అడితికి వెళ్ళగానే, మంత్రసానిని తోడిచ్చి ఆ పిల్లను నేనే పంపేశాను. ఎక్కడికో ఇందులో రాయను. కుట్టుపని వచ్చు, బతుకుతుంది.

"అన్నయ్య పిలిచినా రాను వదినా. తిడతాడేమో" అంది.

"తిడితే నన్ను తిడతారు. నువ్వు నడువు" అన్నాను.

ఆయన తిరిగొచ్చి గొడవ చేయలేదు. చేసినా బాగుండేది. "ఎప్పుడొస్తుంది?" అని ఒక్కసారే అడిగారు. తెలియదన్నాను. అప్పటి నుంచి వసారాలో కూర్చుని చెక్కకు చిత్రిక పడుతున్నారు. చెక్కపొట్టు అంతా కంకుల మీద పడుతోంది. అవతల కూర్చోమనడానికి నాకు నోరు రావడం లేదు. ఇప్పుడే తల తిప్పకుండా, "ఉత్తరమా అక్కయ్యా? ఇటివ్వు, నేను డబ్బాలో వేసొస్తా" అన్నారు. ఇంకా పూర్తి కాలేదన్నాను. పాలవాడు వచ్చి పట్టుకెళ్ళేదాకా జాకెట్లో దాచుకుంటాను.

కోప్పడదలిస్తే వచ్చి కోప్పడండి. త్వరగా రండి.

మీ చెల్లెలు నిన్న మధ్యాహ్నం బస్సుకు వెళ్ళింది. బావగారు ఇంకా వెళ్ళలేదు.

ఇట్లు,
మీ పిల్లల తల్లి