సగం కోసి, సగం ఉంచి

2025 జనవరి 21, మంగళవారం

జయంతి నిన్న పోయింది. పొద్దున ఆసుపత్రిలో ఒక ఇడ్లీ తింది. చట్నీలో కారం లేదంది. పది దాటాక ఆయాసం ఎక్కువైంది. ఐసీయూకి మార్చారు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే, మన వెనక చెరువులో నీళ్ల రంగు ఎలా ఉందో ఓసారి చూసి రమ్మంది. సాయంత్రానికి అయిపోయింది.

నేను చెరువుకు వెళ్లలేదు.

ఫిబ్రవరి 6

పాల యాప్‌లో లీటరు తీసేసి అర లీటరు పెట్టాను.

మే 11, ఆదివారం

పుప్పాలగూడ నుంచి భాగ్యమ్మ వచ్చింది. మా అపార్ట్‌మెంట్ వెనక చెరువులో చేపలు పట్టే పది కుటుంబాలకు ఆమె మాటే మాట. బొచ్చె చేప తెచ్చింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. జర తిను సారూ, గిట్ల ఎండిపోతె ఎట్ల అని మందలించింది. చేప శుభ్రం చేయడం నాకు రాదన్నాను. పెద్ద ఇంజనీరువట గదా అని నవ్వి, తనే కోసిపెట్టి వెళ్లింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

అసోసియేషన్ మీటింగ్. రెండో టవర్‌లో డెంగ్యూ కేసులు. చెరువు మూలనున్న తుంగంతా పదిహేనో తేదీ సోమవారం జేసీబీతో తీయిస్తామని ప్రెసిడెంట్ వెంకట్ చెప్పాడు. అక్కడ టైల్స్ వేసి ఆంటీ పేరుతో బెంచీ పెడదాం అంకుల్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తుంగ నాటిందే జయంతి. మా మురుగునీరు అందులో వడకట్టుకుని చెరువులో కలుస్తుంది. తుంగ లేనప్పుడు ఏటా ఎండాకాలం చేపలు చచ్చి తెల్లగా తేలేవి. ఆ పది ఇళ్లవాళ్లూ అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లు. మళ్లీ అదే జరుగుతుంది.

బెంచీ వద్దన్నాను. తుంగ తీయొద్దన్నాను. మరి దోమల సంగతేంటి అన్నాడు. రేపు చెరువు చూసి చెబుతానన్నాను.

సెప్టెంబర్ 8

చెరువుకు వెళ్లాను. ఆమె పోయాక ఇదే మొదటిసారి. తుంగ నా తల దాటి పెరిగింది. నీళ్లు కనబడనే లేదు. దోమలు మాత్రం ముసిరాయి.

ఏటా వానలకు ముందు ఆ పది ఇళ్ల ఆడవాళ్లు సగం కోస్తారు, సగం ఉంచుతారు. కోసినది చాపలు అల్లేవాళ్లకు అమ్ముకుంటారు. మధ్యలో నీళ్లు బయటపడితే చేపపిల్లలు తిరిగి దోమ పురుగుల్ని తింటాయి. ఈసారి ఒక్క కట్ట కూడా కోయలేదు. ఎందుకని భాగ్యమ్మని అడిగాను. మేడం చేత్తోని పెట్టింది సారూ, ఆమె పోయి ఏడాది తిరగకముందే కొడవలి ఎట్ల పెడ్తం అంది.

వాళ్లు బెంచీ పెడతామన్నారు. వీళ్లు కొడవలి దాచారు. అందరికీ ఆమె మీద గౌరవమే.

సెప్టెంబర్ 12, రాత్రి 8

వెంకట్ ఫ్లాట్‌కి వెళ్లాను. గంట మాట్లాడాను. ఆదివారం సాయంత్రానికి సగం కోసి నీళ్లు కనబడేలా చేస్తే జేసీబీ ఆపుతానన్నాడు. ఎవరు కోస్తారంకుల్, మీరా అని నవ్వాడు. అవునన్నాను.

సెప్టెంబర్ 13

సగం కోద్దామంటే భాగ్యమ్మ ఇంకా వెనకాడుతోంది. మేడం ఇంటాయనే ముందుగాల చెయ్యి పెడ్తె ఇగ మాకు ఫికర్ లేదంది. నీతోని అయితదా, జారి పడితె మల్ల నిన్ను గుంజనీకె వల వెయ్యాలె అని కూడా అంది.

జయంతి కొడవలి బాల్కనీలో దొరికింది. నూనె రాసి, గుడ్డ చుట్టి పెట్టింది.

రేపు పొద్దున ఆరింటికి చెరువులో దిగుతాను. మొదటి పిడికెడు తుంగ నేను కోస్తాను. నీళ్ల రంగు చూస్తాను.