తెగిన బెల్టు

ఆదివారం రాత్రి, కాటన్‌పేట

ఇల్లు చేరి రెండు గంటలైంది, పిల్లలు నిద్రపోయినారు.

పొద్దున మా ఆయన, పిల్లలతో కారులో చిత్తూరుకు పోతాంటే, మొగిలి ఘాటు కొండదారి దిగేదానికి ముందే ఫ్యాన్ బెల్టు తెగి కారు నిలిచిపోయింది. ఎండకు పిల్లలిద్దరూ ఏడుస్తాంటే, కారును నోటికొచ్చినట్టు తిట్టినా. పలమనేరు నుంచి వచ్చిన మెకానిక్ కొత్త బెల్టు వేసి, ఊరికే బ్రేకు తొక్కి చూసినాడు. పెడలు నేలకు అంటుకునింది.

"బ్రేక్ ఆయిలంతా కారిపోయుండాది సార్. ఇట్లే ఘాటు దిగుంటే..." అని ఆపేసినాడు.

ఈయన పెట్రోలు మిగులుతాదని దిగుడు వస్తానే ఇంజన్ ఆపేసే మనిషి. వెనక సీట్లో పిల్లలు. తిట్టిన నేనే ఆ తెగిన బెల్టును కళ్ళకద్దుకున్నా, పారేయనీలేదు.

బ్రేకులు బాగుచేయించుకొని తిరిగొస్తాంటే, మొదటి దిగుడులోనే ఈయన చెయ్యి మళ్ళా తాళంచెవి మీదికి పోయింది. ఇంజన్ ఆపితే బ్రేకు సరిగ్గా పట్టదని మెకానిక్ చెప్పింది గుర్తొచ్చి అరిచినా.

"పాత అలవాటు కదే" అని నవ్వినాడు.

గురువారం ఈయన ఒక్కడే అదే ఘాటు దిగాల. అరిచేదానికి పక్కన నేనుండను. ఇప్పుడే ఆ బెల్టులో ఒక ముక్క కోసి తాళంచెవికి కట్టినా. చేతికి తగిలితే గుర్తొస్తాదేమో.

తగలకపోతే...